అంగన్‌వాడీ చాప మీద కాస్త చోటివ్వండి

తెలంగాణ రాష్ట్ర మహిళా శిశు సంక్షేమ శాఖ మంత్రి
శ్రీమతి దనసరి అనసూయ సీతక్క గారికి,



మాది సూర్యాపేట జిల్లా మేళ్లచెరువు. ఇప్పుడు ఉంటున్నది జపాన్‌లో, టోక్యో తూర్పు కొసన ఉన్న నిషికసాయిలో. మీకు ఒక విన్నపం చేసుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. అదేమిటో ముందే చెప్పేస్తాను. విదేశాల్లో పెరుగుతున్న మన పిల్లలు సెలవులకు ఊరికి వచ్చినప్పుడు, అమ్మమ్మ ఊళ్లోనో నాయనమ్మ ఊళ్లోనో ఉన్న అంగన్‌వాడీలో, సర్కారు ప్రాథమిక బడిలో ఆ నాలుగైదు వారాలు మిగతా పిల్లలతో కూర్చోనివ్వండి. రిజిస్టరులో పేరు రాయక్కర్లేదు. పిల్లలకు పెట్టే గుడ్ల లెక్కలో చేర్చక్కర్లేదు. పిల్లల మధ్య కూర్చోనిస్తే చాలు.

ఎందుకు అడుగుతున్నానో అర్థం కావాలంటే ఇక్కడ మా రోజు ఎట్లా నడుస్తుందో కొంచెం చెప్పాలి.

మా బిడ్డకు నాలుగో ఏడు. నేనూ, మా ఆయనా ఇద్దరం పనికి పోతాం. భర్త వీసా మీద వచ్చినదాన్ని కాబట్టి నేను వారానికి 28 గంటలు మించి పని చేయకూడదు. ఆ గంటల కోసమే పొద్దున ఇల్లంతా పరుగు. పాపను వార్డు ఆఫీసు చోటిచ్చిన పిల్లల బడికి పంపుతాం. హొయికుఎన్ అంటారు దాన్ని. పని చేసే తల్లిదండ్రుల పిల్లల కోసం నడిచే బడి. పాప చిన్న తరగతిలో ఉన్నన్నాళ్లూ, జ్వరం ఉన్నా లేకున్నా పొద్దున లేవగానే థర్మామీటర్ పెట్టి చూడాల్సిందే. ఒళ్లు ఎంత వేడి ఉంది, రాత్రి ఎన్నింటికి పడుకుంది, పొద్దున ఏం తిన్నది, విరేచనం అయిందా లేదా, ఇవన్నీ ఒక పుస్తకంలో జపనీస్‌లో రాసి పంపాల్సి వచ్చేది. సాయంత్రానికి అదే పుస్తకంలో టీచర్ రాసి పంపేది, ఎంత తిన్నది, ఎంతసేపు నిద్రపోయింది, ఎవరితో ఆడింది అని. తువాలు, టోపీ, లోదుస్తులు, చివరికి మేజోళ్ల మీద కూడా పాప పేరు జపనీస్ అక్షరాల్లో రాయాలి. సైకిల్ వెనక సీట్లో పాపను కూర్చోబెట్టి, వానొస్తే సీటు మీద ప్లాస్టిక్ గుడారం కప్పి, బడి దగ్గర దింపి రైలెక్కుతాను.

ఒంటి వేడి 37.5 డిగ్రీలు దాటితే బడి నుంచి ఫోన్ వస్తుంది. మన లెక్కలో తొంభై తొమ్మిదిన్నర. వచ్చి తీసుకుపొమ్మంటారు. ఆ ఫోన్ వచ్చిన రోజు మా ఇద్దరిలో ఎవరో ఒకరు పని వదిలి పోవాలి, ఇంకెవరూ లేరు. మా ఊళ్లో అయితే అమ్మ ఉంటుంది, చిన్నమ్మ ఉంటుంది, ఎవరూ లేకపోతే పక్కింటి ఆమె ఎత్తుకుంటుంది. ఇక్కడ తల్లి ఒక్కతే తల్లి, అమ్మమ్మ, మేనత్త, ఇరుగు, పొరుగు. పరాయి దేశంలో పసిబిడ్డతో బతుకు అంటే నాకు తెలిసినంతలో ఇదే. పని బరువు ఒకటైతే, అన్ని వరసలూ ఒక్క మనిషే మోయడం ఇంకొకటి. రెండోదే ఎక్కువ అలసట.

ఈ దేశం మీద నాకు ఫిర్యాదు లేదు. 2019 అక్టోబరు నుంచి మూడు, నాలుగు, ఐదేళ్ల పిల్లలకు ఇట్లాంటి బడుల్లో ఫీజు తీసేశారు, పరదేశి పిల్లలకు కూడా. పాపను డాక్టరుకు చూపిస్తే మేం డబ్బు కట్టేది లేదు. జపాన్ పిల్లలకు ఇచ్చినట్టే మా పాపకూ ప్రభుత్వం పిల్లల భత్యం ఇస్తుంది. భూకంపం వస్తే ఏం చేయాలో ఆ పసివాళ్లకు నెలనెలా నేర్పుతారు. దూది పెట్టి కుట్టిన టోపీ తల మీద వేసుకుని, చిన్నగా ముడుచుకుని బల్ల కింద కూర్చోవడం మా పాపకు ఇప్పటికే వచ్చు.

సీతక్క గారూ, నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇక్కడే ఉంది. మా పాప ఈ బడిలో చేరిన రోజు ఆమెకు జపనీస్‌లో ఒక్క మాట రాదు. ఎవరూ ఆమెను కూర్చోబెట్టి భాష నేర్పలేదు. పలకా బలపం లేవు. ఇసుక గుంతలో ఒక చిన్న పార కోసం కొట్లాడింది, ఓడింది, ఏడ్చింది, మళ్లీ పోయింది. ఆ పారను ఎట్లా అడగాలో, అది తన వంతని ఎట్లా చెప్పాలో, ఎవరైనా గుంజుకుంటే టీచర్‌కు చాడీ ఎట్లా చెప్పాలో పక్క పిల్లల దగ్గర పట్టుకుంది. చూస్తుండగానే ఆ భాష ఆమెదైపోయింది. ఇప్పుడు నిద్రలో కలవరించేది కూడా అందులోనే.

తెలుగు మాత్రం నేనొక్కదాన్నే. మా ఆయన ఇంటికి వచ్చేసరికి పాప నిద్రకు సిద్ధమవుతుంది. పొద్దున లేచింది మొదలు నా నోటి నుంచి వచ్చే తెలుగు ఏమిటి? లే, పళ్లు తోముకో, తిను, తొందరగా, చెప్పులు వేసుకో, రా, అట్లా పోకు, పడుకో. నా బిడ్డకు అందే తెలుగులో సగానికి సగం ఆజ్ఞలే. ఆ ఆజ్ఞలన్నీ ఆమెకు అర్థమవుతాయి. చెప్పినట్టు చేస్తుంది కూడా. జవాబు మాత్రం జపనీస్‌లో ఇస్తుంది. తెలుగులో ఎందుకియ్యదు? తెలుగులో అలగడం ఆమెకు రాదు. బుకాయించడం రాదు. పందెం వేయడం, తోటి పిల్లను వెక్కిరించడం, కలిసి దొంగతనంగా మామిడికాయ కోయడానికి పథకం వేయడం రాదు. అవి తల్లి నేర్పగలిగేవి కావు. నాలుగేళ్ల పిల్లకు ఇంకో నాలుగేళ్ల పిల్లే నేర్పాలి.

నిషికసాయిలో మనవాళ్లు లేరా అని మీరు అడగవచ్చు. ఉన్నారు. 2000 ప్రాంతంలో కంప్యూటర్ పనుల మీద వచ్చినవాళ్లతో మొదలై ఈ పేట టోక్యోలో భారతీయుల పేటగా పేరు తెచ్చుకుంది. జపాన్ మొత్తం మీద మన దేశస్థులు 50 వేలు దాటారు. పప్పు, చింతపండు, కరివేపాకు దొరికే కొట్లున్నాయి. ఉగాదికి, బతుకమ్మకు కలుస్తాం. కానీ ఆ కలిసిన చోట పిల్లలు తమలో తాము ఏ భాషలో ఆడుకుంటారో మీరు ఒకసారి వచ్చి చూడాలి. తమిళ పిల్ల, తెలుగు పిల్ల, మరాఠీ పిల్ల, అందరూ జపనీస్‌లోనో ఇంగ్లీషులోనో. అమెరికాలో తెలుగు వాళ్లు ఎంతో మంది ఉన్నా తల్లులు చెప్పేది ఇదే మాట. అక్కడ 2007 నుంచి సిలికానాంధ్ర మనబడి వాళ్లు తెలుగు నేర్పుతున్నారు. ఆ పనికి నేను చేతులెత్తి మొక్కుతాను. పిల్లలు అక్షరాలు దిద్దుతున్నారు, పద్యాలు చెబుతున్నారు. తరగతి అయిపోయాక కారెక్కి మళ్లీ ఇంగ్లీషులోకి పోతున్నారు. అది వాళ్ల తప్పు కాదు, పంతుళ్ల తప్పు అంతకన్నా కాదు. ఆటలో ఏ భాష ఉంటే పిల్లలు ఆ భాష వెంట పోతారు.

బెల్జియంలో అనిక్ డి హౌవర్ అనే పరిశోధకురాలు దాదాపు 1,900 కుటుంబాలను పరిశీలించి 2007లో ఒక అధ్యయనం ప్రచురించింది. ఇంట్లో బయటి భాషతో పాటు ఇంకో భాష కూడా వింటూ పెరిగే పిల్లల్లో సుమారు నాలుగో వంతు మంది ఆ ఇంకో భాష మాట్లాడనే మాట్లాడరని అందులో తేలింది. వింటారు, అర్థం చేసుకుంటారు, మాట్లాడరు. నా బిడ్డ ఆ గడప మీద నిలబడి ఉంది. ఎటు దిగుతుందో ఈ రెండు మూడేళ్లలో తేలిపోతుంది.

మా అమ్మ రోజూ వీడియో కాల్ చేస్తుంది. మాకూ మీకూ మూడున్నర గంటల తేడా. పాప నిద్రకు పోయే రాత్రి ఎనిమిదిన్నరకు మేళ్లచెరువులో సాయంత్రం ఐదు, అమ్మ వాకిట్లో కూర్చుని ఉంటుంది. "ఏం తిన్నవ్ బిడ్డా?" అంటుంది. పాప తలూపుతుంది. "బడికి పోయినవా?" మళ్లీ తలూపుతుంది. ఆ తర్వాత మాటలు అయిపోతాయి. అమ్మకు ఇంకా చెప్పాలని ఉంటుంది, పాపకు వినాలనే ఉంటుంది. మధ్యలో నేను కూర్చుని అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేస్తాను. ఒక్క ఇంటి మూడు తరాల మధ్య దుబాసీ పని చేయాల్సి వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు.

పోయినసారి సెలవుకు ఊరికి వచ్చినప్పుడు ఇదంతా మారుతుందని ఆశపడ్డాను. కోదాడ దాకా విజయవాడ హైవే మీద వచ్చి, అక్కడి నుంచి లోపలికి తిరిగి, సిమెంటు లారీల వెనక దుమ్ములో మా ఊరు చేరాం. ఊళ్లో పిల్లలంతా పొద్దున తొమ్మిదింటికల్లా బడికో అంగన్‌వాడీకో పోతారు. మా పాప ఇంట్లో పెద్దల మధ్య మిగిలిపోయింది. అందరూ ముద్దు చేస్తారు, చేతిలో ఫోన్ పెడతారు, ఎవరూ కొట్లాడరు. సాయంత్రం పిల్లలు తిరిగొచ్చాక ఆ కాసేపు వీధిలో ఆడింది చూడండి, ఆ కాసేపట్లో నేను ఏడాదంతా వినని తెలుగు ఆమె నోట విన్నాను. "ఆగు, నేను ముందు" అని అరిచింది. అట్లా అరవడం నేను నేర్పలేదు.

జపాన్ వాళ్లకు ఇదే చిక్కు ఎప్పటి నుంచో ఉంది. వాళ్ల పిల్లలు అమెరికాలో, ఐరోపాలో పెరుగుతారు. అమెరికా బడులకు జూన్ మొదట్లోనే సెలవులు మొదలైతే, జపాన్ బడులు సుమారు జులై 20 దాకా నడుస్తాయి. అందుకని ఆ కుటుంబాలు జూన్‌లో స్వదేశం వచ్చి, తాతగారింటి దగ్గరి ప్రభుత్వ బడిలో పిల్లలను కొన్ని వారాలు కూర్చోబెడతాయి. బడి పెద్ద, స్థానిక విద్యాశాఖ ఒప్పుకుంటే చాలు. మధ్యాహ్న భోజనానికి డబ్బు తల్లిదండ్రులు కడతారు. పిల్ల తరగతిలో కూర్చుంటుంది, అందరితో కలిసి గది ఊడుస్తుంది, ఈత పాఠానికి పోతుంది, జులైలో స్నేహితులకు చెప్పి వెళ్లిపోతుంది. చాలా ఊళ్లలో ఇది మామూలు సంగతి. నాకు ఈ ఆలోచన వచ్చింది ఇది చూశాకే.

మన లెక్కలు ఇంకా బాగా కుదురుతాయి. మన బడులు జూన్ 12న తెరుస్తారు. అమెరికా పిల్లలకు ఆగస్టు దాకా సెలవులు. గల్ఫ్‌లో బడులకు జులై, ఆగస్టు సెలవులు. జపాన్ ప్రాథమిక బడులకు సుమారు జులై 21 నుంచి ఆగస్టు చివరి దాకా. మా పాప బడికి అన్ని సెలవులు ఉండవు, ఎక్కువ రోజులు మానితే చోటు పోతుంది, అయినా నాలుగు వారాలు తెచ్చుకోగలను. పరాయి దేశం పిల్లలకు సెలవులున్నప్పుడు మన పిల్లలు బడిలో ఉంటారు. అంటే మనవాళ్లు ఊరికి వచ్చే రోజులే ఊళ్లో బడి నిండుగా ఉండే రోజులు. బోనాలు అప్పుడే, పంద్రాగస్టు జెండా అప్పుడే. ఇప్పుడీ పిల్లలు ఆ రోజులన్నీ చల్లటి గదిలో టీవీ ముందు గడిపి పోతున్నారు.

ప్రైవేటు బడిలో డబ్బు కట్టి కూర్చోబెట్టవచ్చు కదా అంటారు. మా దగ్గరి ప్రైవేటు బడుల్లో ఎల్‌కేజీ నుంచే పిల్లలను ఇంగ్లీషులో మాట్లాడమంటారు. ఆ ఇంగ్లీషు కోసం మేళ్లచెరువు దాకా రానక్కర్లేదు. సర్కారు బడుల్లో కూడా 2022-23 నుంచి ఇంగ్లీషు మాధ్యమం వచ్చిందని తెలుసు, పుస్తకంలో ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు ఉంటుందనీ తెలుసు. నేను అడిగేది పాఠం కాదు, తోటి పిల్లలు. అంగన్‌వాడీలో అన్నం ముందు కూర్చున్నప్పుడు, ఆయమ్మ చేయి కడిగిస్తున్నప్పుడు, పాట అయిపోయాక గోల చేస్తున్నప్పుడు వినపడేది తెలుగే. అదీ మా ఊరి తెలుగు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లొచ్చాక కృష్ణా నది అవతలి నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల మాటా, నల్లగొండ మాటా కలిసిపోయిన తెలుగు. నా బిడ్డకు వస్తే ఆ తెలుగే రావాలి.

ఇక మీ శాఖ సంగతి. రాష్ట్రంలో 35,700 అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. 1975 అక్టోబరు 2న మొదలైన ఈ పథకం యాభై ఏళ్లు దాటింది. అమ్మ మాట, అంగన్‌వాడీ బాట అని 2024లో మీరే ఊరూరా చెప్పించారు. టీచర్ల మీద ఎంత బరువుందో కూడా నాకు తెలుసు. సర్వేలు, ఫోన్‌లో యాప్‌లు, ఎన్నికల పనులు, వాటి మధ్య పిల్లలు. 2023 సెప్టెంబరులో వాళ్లు సమ్మెకు దిగింది ఊరికే కాదు. అట్లాంటి వాళ్ల మీద ఇంకో పని వేయమని నేను అడగడం లేదు. అతిథి పిల్ల వచ్చిన రోజులన్నీ ఆ తల్లో, అమ్మమ్మో వంతులవారీగా కేంద్రంలో ఉండి ఆయమ్మకు సాయం చేయాలని షరతు పెట్టండి. అన్నం ఇంటి నుంచి తెచ్చుకోవాలనండి, లేదా అందరి పిల్లలకూ సరిపోయేలా ఏదైనా తెచ్చిపెట్టమనండి. టీకాల కార్డు చూపించమనండి. కేంద్రం ఇరుకైతే వద్దనే హక్కు టీచర్‌కు ఇవ్వండి. ఊరి పిల్లల చోటు ఒక్క అంగుళం తగ్గకూడదు.

డబ్బున్నవాళ్ల పిల్లలు వచ్చి బీదపిల్లల మధ్య కూర్చుని బొమ్మలు, చాక్లెట్లు చూపించి పోతారన్న భయం మీకుంటే అది న్యాయమే. అందుకే కొత్త బట్టలు, బొమ్మలు బడికి తేవద్దని కూడా రాయండి. నా బిడ్డకు ఇక్కడ జపాన్ పిల్లలు ఇచ్చినది బొమ్మలు కావు. వాళ్ల మధ్య ఒక చోటు ఇచ్చారు, దాన్ని గౌరవించడం మాకు తెలుసు.

ఇంకో మాట. ఇది నా బిడ్డ సంగతి కన్నా పెద్దది. మా ఊరి చుట్టూ సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు. వాటిలో పని చేయడానికి బిహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలున్నాయి. ఆ ఇళ్లలోని తల్లి మేళ్లచెరువులో ఉన్నట్టే నేను టోక్యోలో ఉన్నాను. ఆమె బిడ్డ జ్వరానికి ఆమె ఒక్కతే, ఆమె భాషకు ఆమె ఒక్కతే. నాకు వార్డు ఆఫీసు ఉంది, థర్మామీటర్ పెట్టి చూసే బడి ఉంది, ఆమెకు ఏముంది? ఆమె బిడ్డకు అంగన్‌వాడీ మీద పూర్తి హక్కుంది, గుడ్డు మీద, బాలామృతం మీద హక్కుంది. తెలియక రాని తల్లి దగ్గరికి మనమే పోయి పిలవాలి. నా బిడ్డకు తలుపు తెరుస్తూ మీరు ఇచ్చే ఉత్తర్వులో మొదటి వాక్యం ఆ పిల్లల గురించి ఉండాలని కోరుకుంటున్నాను. వలస కార్మికుల క్వార్టర్లకు టీచర్ పోయి పిల్లలను పిలవాలి, ఆ తల్లితో రెండు ముక్కలు హిందీలో మాట్లాడగలిగే మనిషిని ఒకరిని చూపాలి. అతిథి పిల్లలు ఆ తర్వాతే.

ఈ మాట మీకు వివరించి చెప్పనక్కర్లేదు. ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చి మన అడవుల్లో తలదాచుకున్న గుత్తికోయల బతుకు మీదే మీరు పరిశోధన చేశారు, 2022లో ఉస్మానియా మీకు డాక్టరేట్ ఇచ్చింది. ఇంటి భాష ఒకటి, బడి భాష ఒకటి అయిన పిల్ల ఎంత ఒంటరిదో మీకన్నా ఎవరికి తెలుసు?

నేను అడుగుతున్న ఈ అవసరం ముందు ముందు పెరిగేదే. మన ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సింగ్ చదివిన ఆడపిల్లలకు జపనీస్ నేర్పించి ఇక్కడి ఆసుపత్రులకు, వృద్ధుల ఆశ్రమాలకు పంపుతోంది. మంచిదే. ఆ అమ్మాయిల్లో కొందరు ఇక్కడే పెళ్లి చేసుకుంటారు, ఇక్కడే తల్లులవుతారు. జపాన్‌లో పుట్టినంత మాత్రాన పిల్లలకు ఈ దేశ పౌరసత్వం రాదు. మా పాపది భారత పాస్‌పోర్టు. మనవాళ్లనే చేసుకుంటే రేపు ఆ నర్సమ్మల పిల్లలదీ అదే. పౌరులు మనవాళ్లు, భాష మాత్రం వేరే వాళ్లది అయిపోతే ఆ పిల్లలు ఎప్పుడో ఊరికి తిరిగి వచ్చిన రోజు ఎవరితో మాట్లాడతారు? పంపేటప్పుడు భాష నేర్పించే ప్రభుత్వం, సెలవులకు వచ్చిన పిల్లలకు ఒక చాప మీద చోటు చూపడం పెద్ద పని కాదనుకుంటాను. బడుల్లో పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి చేస్తూ 2018లో చట్టం చేసిన రాష్ట్రం మనది.

రాష్ట్రమంతా ఒక్కసారి చేయమని అడగను. వచ్చే జూన్ 12 నుంచి మేళ్లచెరువు, హుజూర్‌నగర్, కోదాడ మండలాల్లో ఒక్క ఏడు చేసి చూడండి. ఈ మూడు చోట్లా బయటి దేశాల్లో పిల్లలున్న ఇళ్లు వీధికొకటి కనపడతాయి. ప్రాథమిక బడుల కోసం విద్యాశాఖతో ఒక మాట మాట్లాడండి, అంగన్‌వాడీలకు మీ శాఖ నుంచి ఒక పేజీ సర్క్యులర్ చాలు. ఎంతమంది పిల్లలు వచ్చారు, ఎన్ని రోజులు కూర్చున్నారు, టీచర్లకు ఇబ్బంది అయిందా, ఊరి పిల్లల తల్లులు ఏమన్నారు, ఇవన్నీ ఆగస్టు చివర్లో సూపర్‌వైజర్‌తో రాయించండి. బాగాలేదంటే ఆపేయండి.

మేం జులై నెలాఖరుకు ఊరికి వస్తున్నాం. మా ఇంటి దగ్గరి కేంద్రంలో ఆ నాలుగు వారాలు రోజూ పొద్దున ఊడ్చడానికి, కూరగాయలు కోయడానికి నేను సిద్ధంగా ఉన్నాను. సూపర్‌వైజర్ గారు చెప్పిన రోజున పాప టీకాల కార్డు పట్టుకుని వస్తాను.

ఇట్లు
మేళ్లచెరువు ఆడబిడ్డ,
నిషికసాయి, టోక్యో